ఒక్క చూపులో నెలంతా

2008 జూన్ 9, సోమవారం

మానిటర్ మళ్లీ వణికింది. నెత్తి మీద ఒక్కటిచ్చాను — నిలబడింది. పక్క కుర్చీలో మాస్టారు నవ్వారు. "దానికి నీ చెయ్యే అలవాటైపోయిందమ్మాయ్. నేను కొడితే లెక్కచెయ్యదు."

సరిగ్గా అప్పుడే షావుకారు గారు వెనక నిలబడి ఉన్నారు. ఆయన తీరే అంత. చప్పుడు లేకుండా వస్తారు, మా ఇద్దరి కుర్చీల మధ్య నుంచి తెరలోకి తొంగి చూస్తారు. అత్తరు వాసన తగిలాక గానీ వచ్చినట్టు తెలీదు. "ఇంక ఇది వద్దు కరుణమ్మా. పల్చటివి వస్తున్నాయట కదా, అది తెచ్చేద్దాం. పొద్దస్తమానం దాని ముందు కూర్చునేది మీరిద్దరూ. ఎంత సైజు కావాలో మీరే తేల్చి చెప్పండి. తరవాత చిన్నదైపోయిందని నన్ననకండి."

ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఈ ఆఫీసులో నన్ను అడిగి కొన్న వస్తువు ఇంతవరకూ ఒక్కటీ లేదు, చీపురు కూడా.

షీటు సంగతి ఇక్కడ రాసుకోవాలి, పేచీ అంతా దాంతోనే కాబట్టి. ఎడమ పక్కన కిందికి షావుకారు గారి చేపల చెరువుల పేర్లు. పైన అడ్డంగా తారీఖులు. ఒక్కో గడిలో ఆ రోజు ఆ చెరువులో చేపలు తిన్న తవుడు, బస్తాల్లో. పొద్దున్నే చెరువుల మీద మనుషులు ఫోన్ చేసి చెబుతారు, నేను చీటీల మీద రాస్తాను, ఆ పైన ఒకరు పైకి చదివితే ఒకరు కొడతాం. అయితే నెల సగానికే తెర అయిపోతుంది. పక్కకి జరిపితే మొదటి తారీఖులు మాయం, షావుకారు గారేమో అవేవీ అంటారు. నెలాఖరుకి వచ్చేసరికి నెల మొదట్లో ఏ చెరువు ఎలా తిన్నదో గుర్తుంచుకోవడం మా బుర్రల పని.

కొత్తది వస్తే ఆ పని తప్పుతుంది. హమ్మయ్య.

జూన్ 10, మంగళవారం

పవర్‌పేట కంప్యూటర్ షాపుకి వెళ్లాను. కుర్రాడు కాదు, పెద్దాయనే — అయినా సినిమా పెట్టి చూపిస్తానంటాడు. "చూడండి మేడంగారూ, ఇందులో చేప కన్ను కూడా కనపడుతుందండి."

"నాకు చేప కన్నొద్దండి. గళ్లు కావాలి" అన్నాను. పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లిన షీటు తెరిపించాను. ఆయనకి నచ్చలేదు. సినిమా ఆపి తవుడు బస్తాలు చూపిస్తే ఎవరికి నచ్చుతుంది!

తెలుసుకున్నవి. పదిహేడు, పంతొమ్మిది — రెండూ చదరంగా ఉంటాయి. రెంట్లోనూ పట్టే గళ్లు అవే, పంతొమ్మిదిలో అక్షరం మాత్రం పెద్దది. సైజు పెరిగితే గళ్లు పెరుగుతాయనుకున్నాను, పొరపాటు. ఇరవై రెండు వెడల్పుది. దాంట్లో గళ్లే ఎక్కువ. ఒకటో తారీఖు నుంచి నెలాఖరు దాకా, చెరువు పేరుతో సహా, జరపకుండా ఒకే తెర మీద వచ్చేసింది! చూస్తూ నిలబడిపోయాను. నెల అంటే ఇలా ఉంటుందా అనిపించింది.

అక్షరాలు కాస్త చిన్నవి. నాకేం ఇబ్బంది లేదు.

జూన్ 11, బుధవారం

మాస్టారికి చెప్పాను, నెలంతా ఒక్కసారే కనపడుతుందని. "ఓహో" అన్నారు. అంతే. ఆయనకి సంతోషమేస్తుందనుకున్నానే…

జూన్ 12, గురువారం

ఇవాళ తెలిసింది. రాయాలంటే చెయ్యి రావడం లేదు. రాస్తాను.

టీ తాగి వచ్చేసరికి మాస్టారు కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు, చేతిలో నేను రాసిన చీటీ. కోడి చూసినట్టు తల పక్కకి తిప్పి, కంటి చివర్నుంచి చూస్తున్నారు. నన్ను చూసి దించేశారు. "ఇది మూడా, ఎనిమిదా అమ్మాయ్?"

అది అయిదు.

ఉగాది దాకా ఆయన చదివితే నేను కొట్టేదాన్ని. తరవాత "గొంతు బాగోలేదు, నువ్వు చదువు, నేను కొడతాను" అన్నారు. అప్పట్నుంచీ అలాగే. గొంతు ఎప్పుడో బాగైంది కదా, మళ్లీ మార్చుకుందాం అని ఒక్కసారీ అడగలేదు నేను. ఆయన వేళ్లకి తెర అక్కర్లేదు. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నాకు నేర్పింది ఆయనే — చేతుల మీద తువ్వాలు కప్పేసి, "వేళ్లకి కళ్లు రావాలర్రా" అని బెత్తంతో బల్ల మీద కొట్టేవారు. ఇన్నాళ్లూ ఆ వేళ్లతోనే లాక్కొస్తున్నారు.

"డాక్టరుకి చూపించారా అండీ?"

"చూపించాను. మధ్యలో మసక, చుట్టూ బాగానే ఉంది. నీ మొహం కేసి చూస్తే మొహం ఉండదు, చెవులూ జడా కనపడతాయి. అద్దాలతో పోయేది కాదటమ్మా."

"మరి…"

"అక్షరం పెద్దదైతే ఇంకొన్నాళ్లు గడుస్తుంది." చీటీ మడిచి — "షావుకారు గారికి చెప్పకు. ఇంట్లో మా ఆవిడ ఉన్నన్నాళ్లూ ఇల్లొకటి ఉండేది. ఇప్పుడు ఈ కుర్చీ కూడా లేకపోతే నాకు పగలనేది ఉండదమ్మాయ్."

చెప్పనండీ అన్నాను.

జూన్ 13, శుక్రవారం

ఎవరికీ చెప్పను. అమ్మకి తప్ప.

జూన్ 15, ఆదివారం

వట్లూరు చర్చి నుంచి వస్తూ అమ్మకి చెప్పేశాను. ఆరాధన అయ్యాక ఎండ లేదు, నడిచి వచ్చాం.

అమ్మ సగం దారిలో అంది — "నాకు తెల్ల ఉన్నీ, లేత పసుపు ఉన్నీ ఒకలాగే కనపడ్డం మొదలెట్టాక, పక్కదాన్ని అడిగి కొన్నాళ్లు నేశాను. నోరు మూసుకుని ఉండాల్సింది. నిజం చెబితే మంచిదనుకుని మేస్త్రికి చెప్పాను. మర్నాడు వెళ్లేసరికి నా పీట మీద ఇంకొకత్తి కూర్చుంది."

ఏలూరు తివాచీల మగ్గాల మీదే అమ్మ చేతులు అరిగిపోయాయి. ఈ సంగతి ఇన్నాళ్లూ నాకు చెప్పలేదు. పని మానేసిందనుకున్నాను, మాన్పించారనుకోలేదు. ఎవరా మేస్త్రి, ఇప్పుడెక్కడున్నాడు అని అడిగాను. "ఉంటే ఏం చేస్తావే, వెళ్లి కొడతావా?" అని నవ్వింది. కొట్టేదాన్నే.

సాయంత్రం బిస్కెట్ల పెట్టె అట్ట చింపి మానిటర్ల సైజులు కత్తిరిద్దామని కూర్చుంటే, కత్తెర లాక్కుని తనే కత్తిరించింది. అంచు ఎంత నిఖార్సుగా వచ్చిందో, కళ్లు బాగోలేని మనిషి కత్తిరించినట్టు లేదు. నెలంతా ఒకేసారి కనపడాలన్న మాట అమ్మకి ఎక్కలేదు. "మగ్గం ముందు గళ్ల కాగితం పెట్టుకుంటాం కదా. చేస్తున్న వరస కింద అట్టముక్క అడ్డం పెట్టి, మిగతాది కనపడకుండా చేసుకునేవాళ్లం. అంతా కనపడితే కన్ను తప్పిపోతుందే. నీకు అంతా ఎందుకు?"

నాకు కాదు, షావుకారు గారికి — అందామనుకుని ఆగాను. నాకు మాత్రం వద్దా? షాపులో అలా నోరు తెరుచుకుని నిలబడింది ఎవరు?

జూన్ 16, సోమవారం

అట్టలు ఆఫీసుకి పట్టుకెళ్లి బల్ల మీద ఒకదాని తరవాత ఒకటి నిలబెట్టాను. ఇరవై రెండు అట్ట బల్ల పక్కనున్న స్తంభానికి తగిలింది. బల్ల కాస్త ఇవతలికి జరపొచ్చు కదండీ అంటే షావుకారు గారు నేనేదో గోడ పడగొడతానన్నట్టు చూశారు. బల్ల తూర్పు మొహంగా అక్కడే ఉండాలట, వాస్తు చూసిన ఆయన గుర్తు పెట్టి వెళ్లాడట. చివరికి స్తంభానికున్న దేవుడి క్యాలెండరు పైకి జరిపితే పట్టింది. దేవుడు జరగొచ్చు, బల్ల జరగకూడదు.

మాస్టారు మూడు అట్టల అంచులూ అరచేత్తో తడిమారు. షావుకారు గారు వింటూండగా పెద్ద అట్ట మీద చెయ్యి ఆపి, "ఇదే బాగుందండి. నెలంతా వస్తుందంటోంది అమ్మాయి" అన్నారు.

కోపం వచ్చింది నాకు. ఆయన మీదే. తన కళ్లు తనకి అక్కర్లేదా?

జూన్ 18, బుధవారం

షావుకారు గారు జీపులో మండవల్లి తీసుకెళ్లారు. "షీటులో రాసేవాళ్లు చెరువు చూడాలమ్మా" అంటారు ఎప్పుడూ, ఇవాళ కుదిరింది. దారంతా చెరువులే, మధ్యలో ఎక్కడన్నా కాస్త వరి మడి. నీళ్లలో కర్రలకి వేలాడగట్టిన తవుడు సంచులు. చేపలు వచ్చి పొడిచినప్పుడల్లా తాళ్లు కదులుతున్నాయి. నేను గడిలో కొట్టే అంకె అదీ.

దేవమ్మ చెరువు గట్టు మీద ఆగాం. దేవమ్మ ఎవరో ఇప్పుడెవరికీ తెలీదు, పేరు మాత్రం అలా నిలబడిపోయింది. కిందటి నెల ఇక్కడే పోయాయి బొచ్చె చేపలు. తెల్లారేసరికి తెల్లగా తేలి ఉన్నాయి. షావుకారు గారు ఆ నీళ్ల కేసి చూస్తూ చెప్పారు — "అవి ఒక్కరోజులో చావవు కరుణమ్మా. ముందు మేత తగ్గిస్తాయి. రోజుకి కొంచెం, కొంచెం. ఏ రోజు చూసినా నిన్నటికీ ఇవాళ్టికీ పెద్ద తేడా ఉండదు. నెలంతా పక్కపక్కన పెట్టి చూస్తేనే జారుతున్నట్టు తెలుస్తుంది. మన తెర మీద ఆ మొదటి రోజులు లేవు. అందుకే, ఒక్క చూపులో నెలంతా కనపడాలి. నాకు అదొక్కటే కావాలి."

ఆ మాటలో అత్తరు లేదు, దర్పం లేదు. ప్రాణమున్న వాటిని పోగొట్టుకున్న మనిషిలా ఉన్నారు. కాపలా మనిషి బొడ్డుదాకా నీళ్లలో నిలబడి "ఆయ్, నిజమేనండి" అంటున్నాడు.

వెనక్కి వచ్చే దారంతా జీపులోంచి ఆ తవుడు సంచుల తాళ్లే చూస్తూ వచ్చాను.

జూన్ 19, గురువారం

రోజంతా ఇదే ఆలోచన.

ఇరవై రెండు తెచ్చి అక్షరాలు పెంచుకుంటే? తెర పెద్దదే కదా, మాస్టారికి కనపడేలా పెంచొచ్చు. కానీ పెంచిన క్షణంలో నెల సగం బయటికి పోతుంది. షావుకారు గారు వెనక నిలబడి "నెలేదమ్మా?" అంటారు. తగ్గించాలి. రోజుకి ఎన్నిసార్లు వస్తారో ఆయనకే తెలీదు. ఒకసారి కాకపోతే ఒకసారి అడుగుతారు, అంత పెద్దక్షరం ఎవరికని.

పంతొమ్మిది చదరమైతే నెల ఎలాగూ పట్టదు. పట్టదు కాబట్టి ఎవరూ అడగరు. అక్షరం నూట యాభై శాతానికి పెంచి పెట్టేసుకుంటే అంతే సంగతులు.

అంటే ఇరవై రెండు చేపలకి, పంతొమ్మిది మాస్టారికి. నేను ఎవరి పక్క ఉండాలి? ఇంత చిన్న వస్తువు ఎంచుకోవడానికి ఇంత అవస్థా!

దేవమ్మ చెరువు కళ్లముందు నుంచి పోదు.

జూన్ 21, శనివారం

చెప్పేశాను. ఏం చెప్పానో చూడు.

"చదరం పంతొమ్మిది చాలండి."

"అదేంటమ్మా? ఇరవై రెండైతే నెలంతా వస్తుందని నువ్వేగా అన్నావు!"

ముందే అనుకున్న మాట కాదు, నోట్లోంచి ఊడిపడింది. "అక్షరం పెద్దగా ఉండాలండి. నాకు చూపు మసగ్గా ఉంటోంది. కళ్లు లాగేస్తున్నాయి."

కీబోర్డు మీద మాస్టారి వేళ్లు ఆగిపోయాయి. ఆయన తల తిప్పలేదు. షావుకారు గారు మాత్రం కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు. "అయ్యో పిచ్చిపిల్లా! ఇన్నాళ్లూ చెప్పవేమ్మా?" ఆ జాలికి సిగ్గుతో చచ్చిపోయాను. సరే, చదరమే చెబుతానన్నారు.

పనైంది. మాస్టారి కుర్చీకి ఢోకా లేదు. చెరువుల సంగతి నేనే జాగ్రత్తగా చూసుకుంటాను, మొదటి తారీఖులు కాగితం మీద రాసి పక్కన పెట్టుకుంటాను.

జూన్ 23, సోమవారం

కొంప మునిగింది.

వెళ్లేసరికి నా కుర్చీ అక్కడ లేదు. ముందు కౌంటర్ దగ్గర వేసి ఉంది, ఫ్యాను కింద. షావుకారు గారే దగ్గరుండి వేయించారట. "ఆడపిల్ల కళ్లు పాడుచేశానన్న పాపం నాకెందుకమ్మా. బాగుపడేదాకా నువ్వు ఫోన్లెత్తు, హమాలీలకి చీటీలివ్వు. తెర ముఖం చూడకు. షీటంతా మాస్టారు చూసుకుంటారు. ఆయనకేం, వేళ్లకే కళ్లున్నాయి!"

గర్వంగా అన్నారు ఆ మాట. మాస్టారు తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నారు.

తాడేపల్లిగూడెంలో వాళ్ల చెల్లెలు గారి ఇంటి దగ్గర మంచి కళ్ల డాక్టరున్నాడట, నాకు బుధవారానికి చెప్పి ఉంచారు. ఏం మాట్లాడను? ఆయన తిడితే ఎదురు చెప్పగలను గానీ, ఇంత మంచి చేస్తూంటే ఏం చెయ్యను!

నేను చదవడానికి పక్కన లేను. చీటీ ఆయనే చదువుకోవాలి, తెర ఆయనే చూసుకోవాలి. మాస్టారి కోసం ఆడిన అబద్ధం ఆయన్ని ఒంటరిగా ఆ తెర ముందు కూర్చోబెట్టింది.

జూన్ 24, మంగళవారం

ఒక ఉపాయం. బస్తాల మీద నెంబర్లేసే నల్ల మార్కర్ గోడౌన్ నుంచి తెచ్చాను. ఒక్కో చెరువుకి ఒక్కో కాగితం, అంకె అరచెయ్యంత. మాస్టారికి కనపడుతోంది.

షావుకారు గారికీ కనపడింది. "పాపం, ఇంత పెద్దగా రాసుకుంటే గానీ కనపడ్డం లేదు పిల్లకి" అని హమాలీ మేస్త్రితో అంటున్నారు. ఏడవాలో నవ్వాలో తెలీలేదు, లోపలికెళ్లి నవ్వాను.

జూన్ 25, బుధవారం

తాడేపల్లిగూడెం. ఏలూరు స్టేషన్లో పాసెంజరు ఆగీ ఆగకముందే జనం కిటికీల్లోంచి తువ్వాళ్లు విసిరేసి సీట్లు పట్టేసుకున్నారు. ఖాళీ అనుకుని ఒకచోట కూర్చోబోతే "తువ్వాలుందండీ" అంది పక్కావిడ, మనిషి కూర్చుని ఉన్నట్టే. గూడెం దాకా నిలబడ్డాను.

డాక్టరు అక్షరాల బోర్డు చదివించాడు. అబద్ధం చదువుదామని ఇంటి దగ్గరే అనుకున్నాను. తీరా కూర్చున్నాక చేతకాలేదు, కిందనున్న చీమ అక్షరాలతో సహా గడగడా చదివేశాను. "ఇంత మంచి కళ్లు పెట్టుకుని ఎందుకొచ్చావమ్మా?" అన్నాడు.

నిజమే. ఎందుకొచ్చాను?

జూన్ 26, గురువారం

షావుకారు గారు ఇవాళ ఆఫీసుకి రాలేదు, డాక్టరేమన్నాడో చెప్పే అవసరం పడలేదు. టీ వేళ మాస్టారు కౌంటర్ దగ్గరికి వచ్చారు. బల్లలు తడుముకోకుండానే నడుస్తారు ఈ ఆఫీసులో, ఎక్కడ ఏముందో అంతా తెలుసు. గొంతు తగ్గించి, కోపంగా —

"నా కోసం నువ్వు గుడ్డిదానివయ్యావా?"

"అది కాదండీ…"

"ఏది కాదు? రేపు ఈ మాట ఊళ్లో పాకితే, కళ్లు బాగోలేని పిల్లకి పనెవరిస్తారు? నాకైతే అయిపోయింది. నీకు ముందుంది బోలెడు."

"మా అమ్మ నిజం చెబితే లేపేశారండీ మగ్గం దగ్గర్నుంచి!" గట్టిగానే అనేశాను. హమాలీలు తిరిగి చూశారు.

మాస్టారు గ్లాసు అక్కడ పెట్టేసి వెళ్లిపోయారు. టీ ముట్టుకోలేదు.

జూన్ 27, శుక్రవారం

మానిటర్ వచ్చింది. పంతొమ్మిది. షావుకారు గారు కైకలూరు వెళ్లారు, ఆయన రానిదే విప్పొద్దన్నారు. మంచి రోజు చూసి సోమవారం పెడతారట. పెట్టె తూకం బల్ల మీద ఉంది. షాపాయన దింపుతూ "టేపు కొయ్యకపోతే సోమవారం దాకా మార్చిస్తానండి. కోస్తే మాత్రం మీదే" అన్నాడు.

మధ్యాహ్నం మాస్టారు భోజనానికి వెళ్లినప్పుడు తెర చూశాను, దొంగలా. ఇవాళ్టి తారీఖు కింద అంకెలన్నీ ఒక్క గడి కిందికి జారి ఉన్నాయి. దేవమ్మ చెరువుది దాని కింద చెరువుకి పడింది. మొదటి గడి ఖాళీ. వేళ్లకి తప్పు లేదు, మొదలుపెట్టిన గడే తప్పు.

సరిచేశాను. రేపు? ఎల్లుండి? వానాకాలం వచ్చేస్తోంది, మబ్బు పట్టిందంటే నీళ్లలో గాలి చాలదు. ఒక్క చెరువు మేత ఇంకో చెరువు వరసలో దాక్కుంటే మళ్లీ తెల్లగా తేలతాయి.

మాస్టారు రాగానే చెప్పాను. ఆయన కుర్చీలో మెల్లగా కూర్చున్నారు. "అన్నీనా?" అన్నారు.

"అన్నీనండీ."

ఆ మొహం చూడలేకపోయాను. మళ్లీ కౌంటర్‌కి వచ్చేశాను.

జూన్ 28, శనివారం

పొద్దున్నుంచీ మబ్బు. మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు. చెప్పులు విడిచి, సరాసరి షావుకారు గారి గదిలోకి. తలుపు దగ్గరగా వేశారు.

లోపల మాటలు వినపడలేదు. ఒక్కసారి మాత్రం షావుకారు గారి గొంతు — "ఎప్పట్నుంచీ?" తరవాత ఫ్యాను చప్పుడు. హమాలీ చీటీ అడుగుతున్నాడు, నేనేమో రాసిన చీటీనే మళ్లీ రాస్తున్నాను.

బయటికొచ్చారు.

"ఏమన్నారండీ?"

"సోమవారం చెబుతానన్నారు." తన పక్కన చోటు చూపించారు. "కుర్చీ తెచ్చుకో. ఇవాళ్టిది ఇవాళ కొట్టాలి కదా."

"నన్ను తెర చూడొద్దన్నారుగా…"

"నీ కళ్ల సంగతి కూడా చెప్పేశాలే."

ముందు భయమేసింది. ఆ వెంటనే తేలికనిపించింది కూడా. కుర్చీ ఈడ్చుకుంటూ వెళ్లి కూర్చున్నాను. చీటీలు తీస్తూంటే వద్దన్నారు. "అవి తరవాత. ముందు ఒక్కో చెరువు వరస ఒకటో తారీఖు నుంచి చదువు. నేను విడిగా అంకె వింటున్నాను గానీ వరస ఎప్పుడూ వినలేదు."

నిజమే, మేమెప్పుడూ పైనుంచి కిందికే చదివాం, ఆ రోజువి. అడ్డంగా ఒక చెరువు కథ ఎన్నడూ చదవలేదు. మొదటికి జరిపి చదవడం, తెర అయిపోతే ఇవతలికి జరపడం, మళ్లీ చదవడం. మాస్టారు కళ్లు మూసుకున్నారు. వేళ్లు బల్ల మీద మెల్లగా కదులుతున్నాయి. ఒక చెరువైంది, ఇంకోటైంది. అత్తరు వాసన వచ్చింది. నేను ఆగలేదు, వెనక్కి తిరగలేదు.

"…పన్నెండు, పన్నెండు, పదకొండున్నర, పదకొండున్నర, పదకొండు, పదిన్నర —"

"ఆగు. మళ్లీ చదువు."

చదివాను.

"జారుతోంది. ఏ చెరువది?"

"దేవమ్మ చెరువు కిందదండీ."

"ఫోన్ చెయ్యి."

కాపలా మనిషి ఎత్తాడు. "ఆయ్, తెల్లారుజామున కాసిని నోళ్లు పైకెట్టాయండి. మబ్బు కదా, సర్దుకుంటాయిలే అనుకున్నామండి." ఇంజను వేసి నీళ్లు కొట్టమన్నాను. ఫోన్ పెట్టేసి తిరిగి చూస్తే షావుకారు గారు అక్కడే ఉన్నారు. తెర కేసి చూడ్డం లేదు. మూసుకున్న మాస్టారి కళ్ల కేసి చూస్తున్నారు. వచ్చినంత మెల్లగా వెళ్లిపోయారు.

సాయంత్రం షాపాయన ఫోన్. "టేపు కోశారాండీ మేడంగారూ? ఉంచమంటారా, మార్చమంటారా? సైజు తేలిందాండీ?"

"సైజు తేలిందండీ. ఇద్దరం కూర్చుంటే ఇరవై రెండు — నేను చూసి చదువుతాను, ఆయన వింటారు. అయితే ఎంతమంది కూర్చుంటామో తేలలేదు."

ఆయనకి అర్థం కాలేదు. సోమవారం చేస్తానని పెట్టేశాను.

మాస్టారు నాకంటే ముందే వెళ్లిపోయారు. గదిలో షావుకారు గారు ఇంకా ఉన్నారు, మాస్టారు వెళ్లొస్తానని ఆయనకీ చెప్పలేదు, నాకూ చెప్పలేదు. నేను దీపాలార్పుతూ చూశాను. భుజం మీది తువ్వాలు మాస్టారు ఎక్కడా మర్చిపోయే మనిషి కాదు. మడత విప్పి, ఆయన కుర్చీలో, ఈ చివర నుంచి ఆ చివరకి పరిచి ఉంది.

నేను తియ్యలేదు.